గోడౌన్‌కి తాళం పడ్డ రోజు నుంచి: కాన్‌వైలర్ అనే డీలర్ కేసు

హైదరాబాద్‌లో చిన్న గ్యాలరీ నడుపుతున్నాను, పన్నెండేళ్ళయింది. మూడేళ్ళ క్రితం మేం పెయింటింగ్స్ దాచుకునే గోడౌన్‌కి కోర్టు సీల్ పడింది. ఆ బిల్డింగ్ అన్నదమ్ములది, వాళ్ళ మధ్య పంపకాల గొడవ, మాకు అందులో ఏ సంబంధమూ లేదు, కానీ ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి షట్టర్ తాళానికి గుడ్డ చుట్టి లక్క వేసి ఉంది. లోపల ఐదుగురు పెయింటర్ల కాన్వాసులు, అరవై పైనే. ఏడు నెలలు తెరవనివ్వలేదు, మధ్యలో ఒక వానాకాలం మొత్తం వెళ్ళిపోయింది. లాయర్ గారు మొదటి రోజే అడిగారు, ఇందులో ఏవి మీవి, ఏవి పెయింటర్లవి, కాయితం ఏదైనా ఉందా అని. సగానికి పైగా కాన్వాసులకి మా దగ్గర కాయితమే లేదు. ఫోన్‌లో మాట్లాడుకున్నవే, "మీ దగ్గరే ఉండనీండి సార్, అమ్ముడైతే చూద్దాం" అన్నవే.

ఆ ఏడు నెలల్లో నేను కాన్‌వైలర్ కథని మళ్ళీ మొదట్నుంచీ చదివాను. ఇంతకుముందు చదివినప్పుడు ఆయన నాకు పికాసో డీలర్, క్యూబిజాన్ని, అంటే వస్తువుని కోణాలుగా ముక్కలుగా విడగొట్టి వేసే పద్ధతిని, నిలబెట్టిన మనిషి, అంతే. ఈసారి మాత్రం తాళం పడ్డ గోడౌన్ బయట నిలబడి చదివాను కాబట్టి వేరే కథ కనిపించింది. పెట్టుబడి ఎంత, ఎవరు కొన్నారు, పెయింటర్‌తో ఏం రాసుకున్నాడు, సరుకు ఎక్కడ పెట్టాడు, ఎవరి పేరు మీద పెట్టాడు. మన లైన్‌లో ఉన్నవాళ్ళకి ఆయన జీవితం పూర్తి కేసు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, మొదటి యుద్ధంలో సర్వం పోయింది, రెండో యుద్ధంలో షాపు నిలబడింది. ఎందుకు పోయింది, ఎందుకు నిలబడింది అన్నదే నేను చెప్పదలుచుకుంది.

డానియెల్-హెన్రీ కాన్‌వైలర్ 1884లో జర్మనీలో మాన్‌హైమ్‌లో పుట్టాడు, పెరిగింది స్టుట్‌గార్ట్‌లో, యూదు కుటుంబం. మేనమామలు లండన్‌లో పెద్ద ఫైనాన్స్ వాళ్ళు, సౌతాఫ్రికా గనుల వ్యాపారం. కుర్రాణ్ణి కూడా ఆ లైన్‌లోనే పెడదామని 1902లో పారిస్‌లో ఒక షేర్ బ్రోకర్ దగ్గర పనికి పెట్టారు. ఆయన పని సంగతి అటుంచి మ్యూజియాల చుట్టూ, ఎగ్జిబిషన్ల చుట్టూ తిరిగాడు. తర్వాత సౌతాఫ్రికా వెళ్ళమన్నప్పుడు నేను వెళ్ళను, పారిస్‌లో పెయింటింగ్స్ షాపు పెడతాను అన్నాడు. మేనమామ తిట్టి పంపించలేదు, లండన్‌లోనే ఉన్న ఒక పేరున్న డీలర్ దగ్గరికి పంపాడు, కుర్రాడికి ఏమైనా తెలుసా కనుక్కోమని. ఆ పెద్దాయన ఎవరి పెయింటింగ్స్ కొంటావు అని అడిగితే ఈయన బొనార్, వ్యుయార్ అన్నాడు, ఆ పేర్లు ఆయన వినలేదు. అయినా డబ్బు ఇచ్చారు. 25,000 ఫ్రాంకులు, ఒక సంవత్సరం గడువు. సంవత్సరంలో షాపు నిలబడకపోతే తిరిగొచ్చి బ్యాంకు పని చూసుకోవాలి. అప్పటికి ఆయనకి 22 ఏళ్ళు.

1907లో పారిస్‌లో మాదలెన్ చర్చి దగ్గర 28, రూ విన్యోన్‌లో షాపు అద్దెకి తీసుకున్నాడు. అంతకుముందు అందులో ఒక పోలిష్ టైలర్ ఉండేవాడు. లోపల నాలుగు మీటర్లకి నాలుగు మీటర్లు, మన ఇళ్ళలో ఒక పెద్ద బెడ్‌రూమ్ అంత. గోడలకి గోనె గుడ్డ కొట్టించాడు. ఇంతే ఆయన గ్యాలరీ, క్యూబిజం మొత్తం ఈ గది మీంచే ప్రపంచంలోకి వెళ్ళింది.

ఆ 25,000తో ఆయన అంతకుముందు తరం పెయింటర్ సెజాన్‌ని కొనలేదు, అప్పటికే రేటు పెరిగిపోయింది, పైగా సెజాన్ కోసం వేరేవాళ్ళు పోరాడేశారు. నా వయసు వాళ్ళ కోసం నేను నిలబడాలి అనుకున్నాడు. ఆ ఏడాది ఇండిపెండెంట్స్ సలోన్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌కి వెళ్ళి దెరాన్, వ్లామింక్ లాంటి వాళ్ళవి కొన్నాడు, తర్వాత బ్రాక్, వాన్ డోంజెన్. వాళ్ళెవరూ అప్పటికి గిట్టుబాటు సరుకు కాదు. నాకు ఇక్కడ బాగా నచ్చేది, ఆయన కన్‌సైన్‌మెంట్ మీద పెట్టుకోలేదు, డబ్బిచ్చి కొన్నాడు. మన దగ్గర నేనూ నాలాంటి చాలామందీ చేసేది వేరే, పెయింటర్ కాన్వాస్ తెచ్చి మా దగ్గర పెడతాడు, అమ్ముడైతే మా కమిషన్ మేం తీసుకుని మిగతాది ఇస్తాం, అమ్ముడవకపోతే పట్టుకెళ్తాడు. రిస్కంతా పెయింటర్‌దే. కాన్‌వైలర్ ఆ రిస్క్‌ని తన నెత్తిన వేసుకున్నాడు. పెయింటర్‌కి డబ్బు ముందే చేతిలో పడింది, ఇంక అది ఎప్పుడు అమ్ముడవుతుంది, అసలు అవుతుందా అన్న బెంగ డీలర్‌ది.

షాపు తెరిచిన కొత్తలో ఒక పొట్టి కుర్రాడు వచ్చి ఏమీ మాట్లాడకుండా చూసి వెళ్ళాడట, మర్నాడు బండిలో ఒక గడ్డం ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చి ఇద్దరూ మళ్ళీ చూసి వెళ్ళారట. ఆ కుర్రాడు పికాసో, గడ్డం ఆయన వొలార్, అప్పట్లో కొత్త పెయింటింగ్‌లో పెద్ద డీలర్. అది ఈయనకి అప్పుడు తెలీదు. తర్వాత విల్‌హెల్మ్ ఊడె అనే జర్మన్ కలెక్టర్ చెప్పాడు, పికాసో ఏదో వింత పెయింటింగ్ వేస్తున్నాడు, పాతకాలపు అసీరియా శిల్పంలా ఉంది అని. కాన్‌వైలర్ మోమార్త్ కొండెక్కి పికాసో స్టూడియో ఉన్న బతో-లవ్వార్ అనే పాత చెక్క బిల్డింగ్‌కి వెళ్ళాడు. గోడ కాయితాలు చీలికలై వేలాడుతున్నాయి, బొమ్మల మీద దుమ్ము, స్టవ్ పక్కన బూడిద కుప్ప. ఆ గదిలో చూసింది "అవీన్యోన్ అమ్మాయిలు", 1907 నాటి పెయింటింగ్, దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు. అప్పటికి పికాసో స్నేహితులకి కూడా అది మింగుడు పడలేదు, ఏదో ఒకరోజు ఈ పెద్ద కాన్వాస్ వెనక ఉరేసుకుని కనిపిస్తాడు అని దెరాన్ కాన్‌వైలర్‌తోనే అన్నాడు. కాన్‌వైలర్‌కి కూడా అది పూర్తిగా అర్థమై ఉండదు, కానీ ఇక్కడ ఏదో మొదలైంది అని పట్టుకున్నాడు. ఆ పెద్ద పెయింటింగ్ మాత్రం ఆయన కొనలేదు, 1924లో జాక్ దూసే అనే కలెక్టర్ కొన్నాడు, ఇప్పుడు న్యూయార్క్‌లో మోమా మ్యూజియంలో ఉంది.

1908 నవంబర్‌లో బ్రాక్ షో పెట్టాడు. సలోన్ దోతోన్ అనే ఇంకో పెద్ద ఎగ్జిబిషన్ వాళ్ళు కాదన్న లాండ్‌స్కేప్‌లు అవి, జ్యూరీలో పెయింటర్ మతిస్ ఉన్నాడు, చిన్న చిన్న ఘనాలు అన్న మాట ఆయన నోటి నుంచే వచ్చిందంటారు. కవి అపోలినేర్ కేటలాగ్‌కి ముందుమాట రాశాడు. లూయి వోక్సెల్ అనే క్రిటిక్ అన్నింటినీ క్యూబులు చేసేశాడు అని రాశాడు, ఆ తిట్టే ఉద్యమానికి పేరైంది.

ఆ షో తర్వాత యుద్ధం వరకు ఆయన షాపులో మళ్ళీ షోలు పెట్టలేదు. పెయింటర్లని పారిస్ సలోన్‌లకి కూడా పంపొద్దన్నాడు. అడ్వర్టైజ్‌మెంట్ లేదు, ఓపెనింగ్ నైట్ లేదు, పేపర్లో వార్త లేదు. కావాల్సినవాడు రూ విన్యోన్ వెతుక్కుంటూ రావాలి. మొదట్లో నాకిది పొగరులా అనిపించేది, ఇప్పుడు అలా అనిపించట్లేదు. సలోన్‌కి వెళ్తే జనం నవ్వడానికి వచ్చేవాళ్ళు, ఆ నవ్వులు విని పెయింటర్ ఇంటికెళ్ళి మళ్ళీ బ్రష్ పట్టుకోవాలి. ఈయన ఆ నవ్వుల నుంచి వాళ్ళని కాపాడాడు. పారిస్‌లో మూసుకుని కూర్చున్నాడు కానీ బయట దేశాలకి మాత్రం పంపుతూనే ఉన్నాడు, మ్యూనిక్‌లో టాన్‌హౌజర్, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఫ్లెక్ట్‌హైమ్, 1912లో కొలోన్ ఎగ్జిబిషన్, 1913లో న్యూయార్క్ ఆర్మరీ షో. అంటే పెయింటర్ ఉండే ఊళ్ళో గోల లేకుండా చూసుకుని, దూరంగా పేరు పెంచాడు.

కొన్నవాళ్ళు ఎంతమంది అంటే చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ నుంచి హెర్మన్ రూప్ఫ్, పారిస్‌లో కలిసి ఉన్నప్పటి నుంచి స్నేహితుడు, దాదాపు మొదటి కస్టమర్. రోజే ద్యుతియ్యెల్, సిమెంట్ కంపెనీలో చేసేవాడు, పాత మాస్టర్లని కొనే స్తోమత లేక కొత్తవాళ్ళ వైపు వచ్చాడు. మాస్కో నుంచి శూకిన్, ప్రాగ్ నుంచి విన్‌సెన్స్ క్రమార్జ్, ఇంకా స్టైన్ కుటుంబం. ఇంతే, ఇంకో నలుగురైదుగురు. ఈ లిస్ట్‌ని నేను చాలాసార్లు చూసుకున్నాను. రూప్ఫ్ కొన్నవి ఇప్పుడు బెర్న్ మ్యూజియంలో ఉన్నాయి, ద్యుతియ్యెల్‌వి ఉత్తర ఫ్రాన్స్‌లో లీల్ దగ్గర మ్యూజియం అయ్యాయి, క్రమార్జ్‌వి ప్రాగ్ నేషనల్ గ్యాలరీలో, శూకిన్‌వి మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లలో. వచ్చినవాళ్ళలో చాలామంది కొని గోడకి తగిలించి మర్చిపోయే రకం కాదు, మళ్ళీ వస్తారు, ఎక్కువ రేటొస్తే అమ్మేయరు. మా గ్యాలరీలో ఒక దీపావళి సీజన్‌లో ఇంటీరియర్ డిజైనర్ల ద్వారా ముప్పై కాన్వాసులు అమ్మిన ఏడాది ఉంది, ఆ ముప్పై మందిలో ఒక్కరు కూడా రెండోసారి రాలేదు. ఆ ఏడాది లెక్కలు బాగున్నాయి, కానీ ఆ పెయింటర్ కెరీర్‌కి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

ఇక కాంట్రాక్టుల సంగతి, దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, నన్ను అడిగితే అసలు కేసంతా ఇక్కడే ఉంది.

1912 వరకు మాట మీద నడిచింది. 1912 చివర్లో వరసగా రాత కోతలు జరిగాయి. నవంబర్ 30న బ్రాక్, డిసెంబర్‌లో దెరాన్, పికాసో, తర్వాతి ఏడాది హువాన్ గ్రీస్, వ్లామింక్, ఫెర్నాండ్ లేజే. ముఖ్యమైన విషయం ఒకటే, నువ్వు వేసినదంతా నాకే ఇవ్వాలి, నేను అదంతా కొంటాను. రేటు కాన్వాస్ సైజుని బట్టి. ఫ్రాన్స్‌లో కాన్వాసులు నంబర్ల సైజుల్లో అమ్ముతారు, ఆ నంబర్‌కి ఇంత అని రాసుకున్నారు. మన దగ్గర చదరపు అంగుళం లెక్కన రేటు కట్టడం చూసి కొంతమంది పెయింటర్లు బాధపడతారు, బియ్యం తూచినట్టు తూస్తున్నారు అని, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ దీంట్లో పెయింటర్‌కి ఒక మేలుంది. ఇది బాగుంది కాబట్టి ఇంత, అది బాలేదు కాబట్టి తక్కువ అని డీలర్ బేరం ఆడలేడు. బాగుందా లేదా అన్న మాటే రేటులోకి రాదు. ఎంత తిక్కగా వేసినా, ఎంత కొత్తగా వేసినా అదే రేటు. ప్రయోగం చేసేవాడికి ఇంతకంటే ధైర్యం ఏం ఇవ్వగలం.

బ్రాక్ కాంట్రాక్టులో ఇంకో చిన్న లైను ఉంది. డ్రాయింగ్‌ల రేటు తర్వాత, చెక్క గీతల కాయితం, పాలరాయి కాయితం లాంటివి అతికించిన డ్రాయింగ్‌లకి వేరే రేటు రాసి ఉంది. బ్రాక్ మొదటిసారి గోడ కాయితం ముక్క కోసి డ్రాయింగ్‌కి అతికించింది ఆ సెప్టెంబర్‌లోనే. ఇలా కాయితం అతికించే పద్ధతి పుట్టి మూడు నెలలు కూడా కాలేదు, అప్పుడే కాంట్రాక్టులో దానికి రేటుంది. అది కళ అవునా కాదా అని ఈయన చర్చ పెట్టలేదు. నువ్వు చేశావా, అయితే కొంటాను అన్నాడు. ఆ లైను చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పికాసో కాంట్రాక్టు మూడేళ్ళకి, ఆయన ఉత్తరం రూపంలో రాశాడు. ఏడాదికి ఐదు పెయింటింగ్స్ తన కోసం ఉంచుకోవచ్చు. పోర్ట్రెయిట్ ఆర్డర్లు, పెద్ద గోడల పనులు వస్తే తీసుకోవచ్చు. పెయింటింగ్ పూర్తయిందా లేదా అన్నది నిర్ణయించేది తను మాత్రమే. ఈ చివరి షరతు పెట్టిన పెయింటర్ కంటే దానికి సరే అన్న డీలర్ గొప్పవాడు అంటాను నేను. మా దగ్గరికొచ్చే కుర్రాళ్ళతో మేం ఎన్నిసార్లు అనుంటామో, ఈ మూల కాస్త నింపితే బాగుంటుంది కదా, కింద ఖాళీగా ఉంది కదా అని.

దీంతోపాటు ఆయన చేసిన ఇంకో పని, కొన్న ప్రతిదాన్నీ ఫోటో తీయించాడు, స్టాక్ నంబర్ వేశాడు, వెనక లేబుల్ అంటించాడు, ఆల్బమ్‌లు పెట్టాడు. పుస్తకాలు కూడా వేశాడు, 1909లో అపోలినేర్ మొదటి పుస్తకం, దెరాన్ చెక్క అచ్చు బొమ్మలతో, 100 కాపీలు. 1911లో మాక్స్ జాకబ్ పుస్తకానికి పికాసో ఎచింగ్‌లు. పుస్తకాల మీద డబ్బు రాలేదు, వస్తుందని వేయలేదు కూడా. 1910లో పికాసో ఆయన పోర్ట్రెయిట్ వేశాడు, ఇప్పుడు చికాగోలో ఉంది, దాని కోసం ఇరవై ముప్పై సార్లు ఓపిగ్గా కూర్చున్నాడు. ఆ బొమ్మలో మొహం వెతుక్కోవాలి, కింద కట్టుకున్న చేతులు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి.

1914 మార్చిలో డ్రూఓ వేలంశాలలో ఒక వేలం జరిగింది. కొంతమంది స్నేహితులు చందాలేసుకుని పదేళ్ళు కొన్న కలెక్షన్. అందులో పికాసో "సాల్తింబాంక్ కుటుంబం" 11,500 ఫ్రాంకులు పలికింది, వాళ్ళు దాన్ని 1908లో 1,000కి కొన్నారు. ఏడేళ్ళుగా కాన్‌వైలర్ చెప్తున్నది నిజమని బజారు మొదటిసారి ఒప్పుకున్న రోజు అది. ఐదు నెలల్లో యుద్ధం వచ్చింది.

ఇప్పుడు తాళం కథ. కాన్‌వైలర్ ఏళ్ళ తరబడి పారిస్‌లో ఉన్నాడు, భార్య ఫ్రెంచ్ ఆవిడ, స్నేహితులంతా అక్కడే, కానీ పాస్‌పోర్ట్ జర్మన్‌ది. ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకో అని పికాసో చెప్పాడు. తీసుకుంటే ఫ్రెంచ్ సైన్యంలో పనిచేయాలి, ఈయనకి అది ఇష్టం లేదు. యుద్ధం వస్తుందని నమ్మలేదు కూడా. న్యూయార్క్‌లో ఆయన తరఫున పనిచేసే బ్రెన్నర్ స్టాక్ అమెరికా పంపించెయ్ అన్నాడు, దానికీ ఒప్పుకోలేదు. యుద్ధం మొదలైనప్పుడు ఆయన ఇటలీలో సెలవుల్లో ఉన్నాడు. జర్మనీ తరఫున పోరాడను అన్నాడు, అక్కడికి వెళ్ళలేదు. ఫ్రాన్స్‌కి వస్తే శత్రు దేశస్థుడు కాబట్టి జైలు. చివరికి రూప్ఫ్ ఆదుకుంటే బెర్న్‌లో ఐదేళ్ళకి పైగా ఉన్నాడు.

ఫ్రెంచ్ గవర్నమెంట్ 1914 చివర్లో షాపు మొత్తం జప్తు చేసింది. ఇక్కడే నా గోడౌన్ గుర్తొచ్చేది. కొన్నవి ఆయనవి కాబట్టి శత్రువు ఆస్తి. ఇంకా డబ్బివ్వనివి కూడా లోపలే ఉండిపోయాయి. పికాసోకే 20,000 ఫ్రాంకులు బాకీ. ఆ బాకీ ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి గోడలా నిలబడింది. ఆరుగురు పెయింటర్లకి అన్నం పెట్టిన ఏర్పాటే, ఆయన చేతిలో మొత్తం పోగుపడి ఉండటం వల్ల, ఒక్క తాళంతో ఆరుగురి పనినీ బజారు నుంచి మాయం చేసింది. ఇంకో డీలర్ దగ్గర నాలుగు, సలోన్‌లో రెండు, స్టూడియోలో పది ఉండుంటే ఇంత దెబ్బ తగిలేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది హువాన్ గ్రీస్. ఆయనకి పాత స్టాక్ లేదు, పేరు లేదు, నెలనెలా కాన్‌వైలర్ పంపే డబ్బు మీదే బతికేవాడు. 1914లో మతిస్ పూనుకుని రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్, బ్రెన్నర్ కలిసి నెలకింత ఇచ్చి పెయింటింగ్స్ తీసుకునేలా మాట్లాడితే కాన్‌వైలర్ దూరం నుంచే వద్దన్నాడు, కాంట్రాక్టు నాతో ఉంది కదా అని. గ్రీస్ మాట తప్పే మనిషి కాదు, ఆ సాయం వదులుకున్నాడు. కొన్ని నెలల తర్వాతే విడుదల దొరికింది, లెయోన్స్ రోసెన్‌బర్గ్ అనే ఇంకో డీలర్ దగ్గర చేరాడు. కాన్‌వైలర్ అంటే నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క విషయంలో ఆయన తప్పు చేశాడనే అంటాను. నెల డబ్బు పంపలేని రోజున కాంట్రాక్టు పెయింటర్ కాళ్ళకి సంకెల అవుతుంది. అప్పుడు నేను మళ్ళీ పంపగలిగే దాకా నీ ఇష్టం అని ఉత్తరం రాసుండాల్సింది.

బెర్న్‌లో అమ్మడానికి సరుకు లేదు కాబట్టి కూర్చుని చదివాడు, కాంట్ ఫిలాసఫీ, ఆర్ట్ హిస్టరీ. రాశాడు కూడా, క్యూబిజం దారి గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం 1920లో మ్యూనిక్‌లో వచ్చింది, ఇప్పటికీ ఆ ఉద్యమాన్ని లోపల్నుంచి చెప్పిన మొదటి పుస్తకాల్లో అదొకటి. అదే ఏడాది పారిస్ తిరిగొచ్చాడు. షాపు ఆయన పేరు మీద పెట్టే పరిస్థితి లేదు, ఆంద్రె సిమోన్ అనే స్నేహితుడి పేరు మీద సెప్టెంబర్‌లో గ్యాలరీ సిమోన్ తెరిచాడు, 29 బిస్, రూ దాస్తోర్గ్‌లో.

తర్వాత వేలాలు. యుద్ధ నష్టం కింద జర్మన్ల ఆస్తులు అమ్ముకోవచ్చని యుద్ధం ముగిశాక జరిగిన వెర్సాయ్ ఒప్పందంలో ఉంది. 1921 జూన్, 1921 నవంబర్, 1922 జూలై, 1923 మే, నాలుగుసార్లు డ్రూఓలో ఆయన స్టాక్ అమ్మేశారు. పికాసోవే నూరు దాటి, బ్రాక్‌వి నూరు దాటి, వ్లామింక్‌వి అంతకంటే ఎక్కువ, డ్రాయింగ్‌లైతే చుట్టలు చుట్టి కట్టల్లెక్కన. ఆయన స్వయంగా పాడుకోవడానికి వీల్లేదు, స్నేహితులు కూటమి కట్టి కొన్ని కొన్నారు, డబ్బు చాలక మిగతావి కళ్ళ ముందే పోయాయి. గవర్నమెంట్ తరఫున ఎక్స్‌పర్ట్‌గా కూర్చుంది లెయోన్స్ రోసెన్‌బర్గ్, తనూ క్యూబిస్టుల డీలరే. మొదటి వేలం ముందు సరుకు చూపించే చోట బ్రాక్ వెళ్ళి ఆయన మీద చేయి చేసుకున్నాడు. బ్రాక్ యుద్ధంలో తలకి పెద్ద గాయమై బతికి వచ్చినవాడు, ఫ్రాన్స్ కోసం రక్తం కార్చినవాడి పెయింటింగ్స్‌నే ఫ్రాన్స్ శత్రువు సొత్తని అమ్ముతోంది. నాలుగు వేలాలూ కలిపి ఏడు లక్షల ఫ్రాంకుల చిల్లర వచ్చింది, యుద్ధం తర్వాత విలువ పడిపోయిన ఫ్రాంకులు.

ఒక్కసారిగా అంత సరుకు బజారులో పడేసరికి రేట్లు పడిపోయాయి. మన దగ్గర కూడా ఒక పెయింటర్ పోయాక ఇంట్లోవాళ్ళు స్టూడియో మొత్తం ఒకేసారి తెచ్చి పెడితే ఏమవుతుందో ఈ లైన్‌లో ఉన్న అందరికీ తెలుసు. లాభపడింది రెండు రకాల వాళ్ళు. డబ్బు లేని కుర్ర కవులు, బ్రెతాన్, ఎల్యుఆర్ లాంటివాళ్ళు, చవగ్గా కొనుక్కోగలిగారు. రెండు, రావుల్ లా రోష్ అనే స్విస్ బ్యాంకర్. ఆయన తరఫున వేలంలో పాడింది ఒజాంఫాన్, జాన్‌రె. ఈ జాన్‌రెనే తర్వాత లె కార్బూజియే, మన చండీగఢ్ ప్లాన్ చేసినాయన. లా రోష్ కొన్న వాటిలో చాలా భాగం ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉంది.

ఈ మధ్యలో పెయింటర్లు ఒక్కొక్కరూ వేరేచోట స్థిరపడ్డారు. పికాసో పాల్ రోసెన్‌బర్గ్ దగ్గర, బ్రాక్ కూడా చివరికి అక్కడే, దెరాన్ పాల్ గియ్యోమ్ దగ్గర. గ్రీస్ మాత్రం తిరిగొచ్చాడు. 1914లో ఆ తప్పు జరిగాక కూడా వచ్చి, 1927 మేలో చనిపోయేదాకా ఉన్నాడు, నలభై ఏళ్ళకే పోయాడు. బులోన్‌లో కాన్‌వైలర్ ఇంట్లో ఆదివారాలు అందరూ చేరేవాళ్ళు, గ్రీస్ ఆ పక్కనే ఉండేవాడు. కొత్తగా ఆంద్రె మాసోన్‌ని 1922లో తీసుకున్నాడు. మాల్రో, మిషెల్ లెరిస్, ఆర్తో, వీళ్ళ మొదటి పుస్తకాలు ఈయనే వేశాడు. 1929 తర్వాత మాంద్యంలో అమ్మకాలు దాదాపు ఆగిపోతే స్నేహితుల్ని పోగేసి ఒక చందా పెట్టాడు, నెలనెలా ఇంత కడితే ఆ డబ్బు పెయింటర్లకి, చందాదారులకి వంతుల్లో పెయింటింగ్స్, మన చిట్‌ఫండ్ లాగా.

ఆయన చూడలేనివి కూడా ఉన్నాయి. ఏ వస్తువూ లేని అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌ని చివరిదాకా ఒప్పుకోలేదు, మోండ్రియాన్ వైపు చూడలేదు. తన తరం కోసం నిలబడ్డవాడికి తర్వాతి తరం భాష అందలేదు. డీలర్ కన్ను కూడా ఒక వయసులో తెరుచుకుంటుంది, మళ్ళీ తెరుచుకోవడం చాలా కష్టం, నాకు నలభై ఎనిమిది, డిజిటల్ పనులు తెచ్చే పిల్లల ముందు కూర్చున్నప్పుడు ఆ భయం నాకూ ఉంటుంది.

రెండో యుద్ధం. ఈసారి ఆయనకి ఫ్రెంచ్ పౌరసత్వం ఉంది, కానీ యూదుడు. 1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌లోకి వచ్చేలోపే లిమోజ్ దగ్గర ఒక పల్లెటూరికి వెళ్ళిపోయాడు. యూదుల వ్యాపారాలన్నీ లాక్కుని ఆర్యుల చేతికి ఇచ్చే చట్టం వచ్చింది. మళ్ళీ తాళం పడబోతోంది. ఈసారి ముందుకొచ్చింది లూయిజ్ లెరిస్, మిషెల్ లెరిస్ భార్య, అందరికీ కాన్‌వైలర్ మరదలిగా తెలిసినావిడ. 1920 నుంచీ గ్యాలరీలో పనిచేస్తోంది, కస్టమర్లు తెలుసు, పెయింటర్లు తెలుసు, స్టాక్ పుస్తకం తెలుసు. ఆవిడ యూదు కాదు. గ్యాలరీని ఆవిడే కొనుక్కుంది. ఆవిడకి ఆ యూదుడితో చుట్టరికం ఉందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, ఆవిడ భయపడలేదు, అవును చుట్టరికం ఉంది, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను, నేను యూదుని కాను అని వాదించి గెలిచింది. 1941లో బోర్డు మారింది, గ్యాలరీ లూయిజ్ లెరిస్. 1943లో నాజీల రహస్య పోలీసులు గెస్టపో వెతికితే కాన్‌వైలర్ ఇంకా దక్షిణానికి వెళ్ళి కెర్‌సాన్ అనే పేరుతో దాక్కున్నాడు. 1944 శరత్కాలంలో పారిస్ తిరిగొచ్చేసరికి షాపు ఉంది, స్టాక్ ఉంది, పుస్తకాలు ఉన్నాయి. ఆయన మళ్ళీ తన పేరు బోర్డు మీద పెట్టించలేదు. ఆవిడ పేరుతోనే, ఆవిడ గ్యాలరీలోనే, 1979 జనవరిలో 94 ఏళ్ళకి పోయేదాకా పనిచేశాడు.

పికాసో మళ్ళీ వచ్చాడు. యుద్ధం తర్వాత ఆయన పనంతా ఈ గ్యాలరీ మీదుగానే వెళ్ళేది. కాన్‌వైలర్‌కి వ్యాపార బుద్ధి లేకపోయుంటే మేమేమైపోయేవాళ్ళం అని పికాసో అన్నాడు. గొప్ప పెయింటర్లే గొప్ప డీలర్లని తయారుచేస్తారు అని కాన్‌వైలర్ అనేవాడు. 1984లో లూయిజ్, మిషెల్ లెరిస్ తమ కలెక్షన్‌ని పారిస్‌లో మ్యూజియం ఉన్న పాంపిదూ సెంటర్‌కి దానంగా ఇచ్చేశారు.

మొదటిసారికీ రెండోసారికీ తేడా ఏంటని నేను చాలా ఆలోచించాను. అదృష్టం చాలా ఉంది, అది కాదనను, ఎంతోమంది యూదు డీలర్లు సర్వం పోగొట్టుకున్నారు. కానీ 1914లో సరుకు ఒకరి పేరు మీద, ఒకరి తలలో, ఒక గదిలో ఉంది. 1941 నాటికి ఇంకో మనిషికి మొత్తం తెలుసు, సంతకం పెట్టగలదు, నిలబడి వాదించగలదు. ఆవిడకి అది చివరి నిమిషంలో నేర్పింది కాదు, ఇరవై ఏళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

మా గోడౌన్ ఏడు నెలల తర్వాత తెరిచారు. తొమ్మిది కాన్వాసులకి వెనక నుంచి బూజు పట్టింది, రెండు ఇంక పనికిరావు. ఇప్పుడు లోపలికొచ్చే ప్రతిదానికీ ఫోటో తీసి నంబర్ వేసి, వెనక లేబుల్ అంటించి, కాయితం మీద ఇద్దరం సంతకాలు పెడుతున్నాం. రిజిస్టర్ నా దగ్గర ఒకటి, మా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి దగ్గర ఒకటి. ఇద్దరు కుర్ర పెయింటర్లకి నెలకింత అని ఇస్తున్నాం, ఆరు నెలలకోసారి రాసుకుంటున్నాం, అందులో ఒక లైను నేనే కలిపాను, వరసగా రెండు నెలలు మేం డబ్బు పంపలేకపోతే ఆ రోజు నుంచి మీ ఇష్టం అని. పనికిరాకుండా పోయిన ఆ రెండు కాన్వాసులు ఒకే పెయింటర్‌వి, పెద్దాయన. డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు. అవి మళ్ళీ వేయలేను కదా బాబూ అన్నాడు.